స్పోర్ట్స్ కారుకు వడ్ల బండి స్ప్రింగులు

మా బాన్సువాడలో ఒక దిక్కుమాలిన ఆనవాయితీ ఉంది. బండి ఏదైనా సరే, ఇంటికి రాగానే వెనక స్ప్రింగులు గట్టివి వేయించాలి. రేపో మాపో వడ్ల బస్తాలు ఎక్కుతాయి కదా, తోక కుంగకూడదని. ట్రాలీలకు చేస్తే ఒప్పుకుంటాను. మా బావ, అంటే మా అక్క భర్త, పట్నం నుంచి పాత స్పోర్ట్స్ కారు తెచ్చి దానికీ అదే చేయించాడు. ఇద్దరు కూర్చుంటే మూడోవాడి చెప్పులకు కూడా చోటుండదు అందులో. వడ్లెక్కడ పోస్తాడు?

"ముందటియి గట్లనే ఉంచిన పటేలా. ఎనుక మాత్రం రాయిలెక్క బిగించిన" అన్నాడు మెకానిక్ గర్వంగా.

మొదట నడిపింది నేనే. వెనక ఎంత బిరుసెక్కిందంటే, చీమ మీదుగా పోతే దాని కాళ్లెన్నో నా నడుము లెక్కపెట్టి చెప్పింది. అది భరించాను. బీర్కూర్ తోవలో మలుపు తిప్పగానే మాత్రం ముందు చక్రాలు నేను చెప్పిన దిక్కుకే పోయాయి, వెనకవి పట్టు వదిలి బయటికి జారాయి. కారు గిర్రున తిరిగి, నేను వచ్చిన దారినే నాకు చూపించి ఆగింది.

సంగతి కష్టమైనదేం కాదు. మలుపులో కారు బరువు బయటివైపు చక్రాల మీదికి ఒరుగుతుంది. ముందు జత, వెనక జత, ఈ రెండింటిలో దేని స్ప్రింగులు ఎక్కువ గట్టివైతే ఆ జత మీద ఆ ఒరుగుడు ఎక్కువ పడుతుంది. లోపలి చక్రం తేలికవుతుంది, బయటిదొక్కటే మోయలేక జారుతుంది. ముందువి మరీ గట్టివైతే స్టీరింగు తిప్పినా ముక్కు నేరుగా పోతుంది. వెనకవి మరీ గట్టివైతే తోక మనల్ని దాటిపోవాలని చూస్తుంది. కారు చేసినవాడు రెండూ తూచి పెట్టాడు. చెడగొట్టింది మనం!

సోమవారం నుంచి అక్క ఆ కారులోనే పిట్లం బడికి పోయి పాఠాలు చెప్పి రావాలి. అందుకే నోరు విప్పాను.

"మంజీరల బర్రెను మింగిన చేపను పట్టినోనివి నువ్వే గదరా?" అని నవ్వింది అక్క.

"అది వేరే. గిది నిజం అక్కా!"

"నడుపరాక స్ప్రింగుల మీద పెడుతుండు" అన్నాడు బావ.

ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ నా కోతలన్నీ నోరు తెరుచుకుని విన్నవాళ్లు, ఒక్క నిజం చెబితే సాక్ష్యం అడుగుతారా! మర్నాడు, వాన వెలిసిన ఖాళీ కల్లానికి బావను లాక్కుపోయాను.

"తిప్పు బావా, నువ్వు మొనగానివి గదా!"

తిప్పాడు. తోక ఒక చుట్టు చుట్టింది. ఇంకో చోటైతే మూడు చుట్లని చెప్పేవాణ్ని, ఒక్కటే. బావ ముఖం తెల్లబోయింది.

"మీ అక్కకు చెప్పకురా బామ్మర్ది" అని, అటు నుంచి అటే మెకానిక్ దగ్గరికి పోయి పాత స్ప్రింగులు వేయించాడు.

సోమవారం పొద్దున పిట్లం చేరగానే అక్క ఫోన్ చేసింది.

"ఏంరా, ఏడ జారింది? ఎన్ని మలుపులు తిప్పినా జారలే. నువ్వు చెప్పేటియన్నీ గంతే!"

స్ప్రింగులు మార్చామని ఒక్క మాట అంటే బావ నోటి ముత్యాలేం రాలతాయి? పక్కనే కూర్చుని అంతా వింటున్న బావ వైపు చూశాను. ఆయన చాయ్ ఊదుకుంటూ, గోడ మీది క్యాలెండర్‌లో తిథి చూస్తున్నాడు.