ముహూర్తానికి వెలగని కంప్యూటరు

నేను ఇంట్లో తయారుచేసిన కంప్యూటరు వెలగని రోజున దాన్ని బాగుచేయడానికి ముగ్గురు మగవాళ్ళు వచ్చారు. ముగ్గురికీ దాని గురించి తెలిసింది సున్నా. అయినా ముగ్గురూ నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. "ప్లగ్గు సరిగ్గా పెట్టినావా అమ్మా?"

ఎనభైల నడిమి సంగతి. తిరుపతిలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరుగా ఉండేదాన్ని. లెక్చరర్లు పాఠాలు చెబుతారు, నేను లెన్సులు తుడిచి పెట్టెలో సర్దుతాను. అదీ నా హోదా. కంప్యూటరు అనే మాట అప్పుడే ఊళ్ళోకి వచ్చింది. మా ప్రిన్సిపాలమ్మ కూడా ఎక్కడో విని, కాలేజీలో కంప్యూటరు క్లాసు పెడదామన్నారు. లెక్కల లెక్చరరు ఒకాయన హైదరాబాదులో పది రోజుల శిక్షణకు పోయొచ్చి, ఆ క్లాసు తనదేనని అప్పటికే తీర్మానించుకున్నాడు. ఆ పది రోజుల్లో ఆయన నేర్చుకున్నదేమిటో ఎవరికీ తెలియదు. ఏసీ గదిలో కంప్యూటరు ముందు చెప్పులు విప్పి నిలబడిన సంగతి మాత్రం నెల రోజులు చెప్పాడు.

నేను ఉండబట్టలేక, "నేనే ఒకటి తయారుచేస్తున్నాను మేడమ్" అన్నాను.

ప్రిన్సిపాలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "సోమవారం తెచ్చి నా బల్ల మీద పెట్టు. పనిచేస్తే క్లాసు నీకు. లేకపోతే సారుకి" అన్నారు. లెక్చరరు గారు నవ్వాడు. జీవితాంతం లెన్సులు తుడవడమా, పాఠం చెప్పడమా అనేది ఆ నవ్వుతో తేలిపోయినట్టే ఆయన లెక్క.

ఒక పత్రికలో వచ్చిన బొమ్మలు చూసి ఎనిమిది నెలలుగా దాన్ని అతుకుతున్నాను. ఒక్కో ముక్కకూ మద్రాసు పోవాలి. దారిలో నగరి ఊళ్ళో చీరల మూటలు పైకెక్కించేదాకా బస్సు కదలదు. చిప్పులున్న టిఫిను డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, పక్కనామె "ఏం కూరమ్మా?" అంటే "వంకాయ" అని చెప్పి ఊరుకునేదాన్ని. చివరికి ఒక చెక్క మీద బిగించి చూస్తే, ఆరు ఎర్ర అంకెలు వెలిగాయి. మీటలు నొక్కితే కూడికలు చేసింది. దానికి తెరా లేదు, బొమ్మా లేదు. "ఇంతేనా? దీనికన్నా మా కిరాణా శెట్టి బాగా కూడతాడే" అంది పక్కింటావిడ. ఆమెకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

ప్రిన్సిపాలమ్మ బల్ల మీద చెక్క బాగుండదని, పాలక్యాన్లు చేసే అతని చేత ఒక అల్యూమినియం డబ్బా చేయించాను. గురువారం సాయంత్రం అంతా విప్పి, డబ్బాలో తిరిగి బిగించాను. స్విచ్చి నొక్కబోతుంటే నాయన చెయ్యి పట్టుకున్నాడు.

మా నాయనది గుడిలో ప్రబంధం చదివే కొలువు. ఇంట్లోకి కొత్త చేట వచ్చినా దానికి మంచి ఘడియ చూసేవాడు.

"రేపు పొద్దున ఏడున్నరకు బాగుండాది పాపా. ఆడిదాకా ముట్టుకోవద్దు."

సరేనన్నాను. భక్తితో కాదు. చెక్క మీద పనిచేసింది డబ్బాలో చేయకపోతుందా అన్న పొగరుతో.

శుక్రవారం పొద్దున నాయన తిరుమణి సుద్ద నూరి, డబ్బా మీద తడితడిగా పెద్ద నామం తీర్చాడు. కొబ్బరికాయ కొట్టాడు, హారతి ఇచ్చాడు. ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడన్నట్టు వీధంతా వాకిట్లోనే ఉంది. నేను స్విచ్చి నొక్కాను. ఏమీ కాలేదు. అంకెలు లేవు, వెలుగు లేదు. ఫ్యూజు తీసి చూస్తే లోపలి తీగ కాలిపోయింది. కొత్తది వేశాను. అదీ పోయింది.

ముందు రేడియో రిపేరు అతను వచ్చి, డబ్బా నెత్తిన రెండు దెబ్బలు వేశాడు. రేడియోలకు అతను చేసే వైద్యం అదే. తర్వాత ఎదురింటి కరెంటాఫీసు ఆయన, జేబులోంచి టెస్టరు తీసి గోడలో గుచ్చి, "కరెంటు ఉండాది" అని తేల్చాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఆ సంగతి దాన్ని చూసినా తెలిసేది. మూడోవాడు లెక్కల లెక్చరరు. ఎవరు చెప్పారో గానీ కాలేజీకి పోతూ పోతూ ఆగాడు. వంగి చూసి, నామాన్ని వేలితో చూపించి, "ఏసీ గదిలో పెట్టాల్సిన దానికి తడి నామం పెడితే ఏమవుతాది సార్?" అని నాయన్ని చూసి నవ్వాడు.

ఆ నవ్వు నావైపు తిరగకముందే నేను దాన్ని నాయన మీదికి తోసేశాను.

"చెప్తే వింటేగా! నీ నామం తడి లోపలికి దిగి అంతా కాల్చేసింది నాయనా. నీకు తెలియనిదాంట్లో చెయ్యెందుకు పెడతావు?"

వీధంతా వింది. నాయన లోపలికి పోయి తడిగుడ్డ తెచ్చి, తన చేత్తో పెట్టిన నామాన్ని తన చేత్తోనే తుడిచాడు. నామాన్ని ఆయన తుడవడం నేను అంతకుముందు చూడలేదు. చాలాసేపు తుడిచాడు.

శనివారం నాయన గుడికి పోయాక డబ్బా మళ్ళీ విప్పాను. లోపల ఎక్కడా తడి లేదు. ఒక్క చుక్క కూడా లేదు. అయినా నమ్మకుండా ఒక్కో మరా తీస్తూ పోయాను. డబ్బా గోడకు బిగించిన పెద్ద ట్రాన్సిస్టరు తీసి చూస్తే, దాని కింద మైకా రేకు లేదు. ఆ ట్రాన్సిస్టరు ఒంటికే కరెంటు ఉంటుంది. డబ్బాకు తగలకుండా మధ్యలో ఉల్లిపొర లాంటి మైకా రేకు పెట్టాలి. తగిలితే ఫ్యూజు కాలుతుంది. చెక్క మీద దాని అవసరం రాలేదు. డబ్బాలో పెట్టాలని నాకు తెలుసు, పెట్టడం మరిచాను. మరలు దాచిన అగ్గిపెట్టెలో, నేను పెట్టినచోటే ఉంది ఆ రేకు. ఆడలేక మద్దెల ఓడన్నది నేనే.

రేకు పెట్టి బిగించి, ఫ్యూజు మార్చి, నొక్కాను. ఆరు అంకెలూ వెలిగాయి.

సంతోషం వేయలేదంటే అబద్ధం. ఎగిరి గంతేశాను. నాయన వచ్చేసరికి ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. తప్పు నాది అని మొదలుపెట్టాలి. ఆయన గడప దాటి, వెలుగు చూసి, కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఎట్లొచ్చిందమ్మా?"

"తడి ఆరినట్టుంది నాయనా" అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. రేపు చెబుదాంలే అనుకున్నాను.

సోమవారం ప్రిన్సిపాలమ్మ మూడంకెల లెక్క ఇచ్చారు, సరైన జవాబు వచ్చింది. క్లాసు నాదైంది. లెక్చరరు గారు ముఖం మాడ్చుకుని, "దీంట్లో చెప్పడానికేముంది?" అన్నాడు. మొదటి క్లాసులో నేను పిల్లలకు చెప్పిన మొదటి పాఠం, యంత్రం పనిచేయకపోతే పరీక్షించకుండా తప్పు ఫలానాదని చెప్పకూడదని. గొంతెత్తి మరీ చెప్పాను. సిగ్గు లేదు నాకు.

కొన్ని నెలలకు ఎదురింటి కరెంటాఫీసు ఆయన టీవీ కొన్నాడు. అందరం చూడబోయాం. ఆయన భార్య పసుపూ కుంకుమా నీళ్ళతో తడిపి టీవీకి బొట్టు పెట్టబోతే, నాయన గబగబా అడ్డం పోయాడు.

"వద్దమ్మా, వద్దు. నేనట్లే తెలివితక్కువగా నామం పెట్టి మా పాప కొలువు పోగొట్టబోయినా. ఇవి మనకు తెలిసినవి కావు. దూరంగా దండం పెట్టుకుంటే సాలు."

అక్కడున్న వాళ్ళు నవ్వారు. ఎవరో, "నిజంగానే నామం వల్లే పోయినాదా స్వామీ?" అని అడిగారు. నాయన నావైపు తిరిగాడు. ముఖంలో ఏ అనుమానమూ లేదు. చదువుకున్న కూతురు కదా, సాక్ష్యం నన్నే అడిగాడు.

"అవునా కాదా, సెప్పు పాపా."

"అవును నాయనా" అన్నాను.