పలకని పిల్లగాడు

ఒక్క మాట. ఆ మహానుభావుడు ఒక్క మాట నోరు తెరిచి చెప్పి ఉంటే ఆ నవల పదో పేజీలోనే అయిపోయేది. ఇప్పటికీ అది గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అట్ట ఊడిపోయిన ఆ పుస్తకాన్ని మా బాపు నల్లగొండలో ఎవరినో అడిగి తెచ్చాడు. అది నిజాం కాలం, కట్టంగూరు దగ్గర మా ఊళ్లో బడి అంటే ఉర్దూ బడే. తెలుగు చదవగలిగిన ఆడపిల్ల మా అక్క ఒక్కతే, అదీ బాపు ఇంట్లో కూర్చోబెట్టి నేర్పబట్టి. ఎండాకాలం మధ్యాహ్నాలు మా అరుగు మీద వాడకట్టు ఆడవాళ్లంతా చేరి విత్తనాలకు పల్లికాయ ఒలిచేవాళ్లు. అక్క చదివేది, వాళ్లు వినేవాళ్లు.

కథలో హీరో ఒక పంతులు. ఒకరింట్లో కిరాయికి ఉంటాడు. ఆ ఇంటి పిల్లంటే అతనికి ప్రాణం, కానీ చెప్పడు. ఆమెకు జ్వరమొస్తే మందు సీసా గడప దగ్గర పెట్టి వెళ్లిపోతాడు. ఆమె ఎదురైతే తల దించుకుని దగ్గుతాడు. చివరికి ఆ దగ్గుతోనే రైలెక్కి పోతాడు. ఈ దగ్గుకే మా వాడకట్టు కరిగి నీరైపోయేది. "పాపం, మనసుల ఎంత దాసుకున్నడో" అని మా అవ్వ కొంగుతో కళ్లొత్తుకునేది. మనవరాళ్లున్న మనిషి! ఆ పరవశంలో ఒలిచిన గింజలన్నీ నోట్లోకి పోయేవి. వానలు పడేనాటికి విత్తనం చాలక బాపు తల పట్టుకున్నాడు. అతనికి నోరు లేదా, చెప్తే ఏం పోయింది అని నేనడిగితే, నీకేం తెలుసు, పోయి మేకపిల్లను చూసుకో అని తరిమేవాళ్లు. పుస్తకం అయిపోతే మళ్లీ మొదటి నుంచి చదివించుకునేవాళ్లు.

నిజంగా అక్క మీద మనసుపడ్డవాడు మాత్రం వాళ్ల కళ్లముందే తిరుగుతుండేవాడు. మా మేనత్త కొడుకు, చిట్యాల వైపు ఊరు. బావకు నోరాగేది కాదు. వాకిట్లోంచే మాట్లాడుకుంటూ వచ్చేవాడు. తాటిముంజలు తెస్తే అవి ఏ చెట్టువో, కోస్తుంటే ఎవరు తరిమారో, దారిలో ఏ పాము అడ్డమొచ్చిందో అన్నీ చెప్పాకే మూట విప్పేవాడు. ఒకరోజు అందరి ముందే, పల్లికాయ ఒలుస్తూనే అక్కతో అన్నాడు: "నిన్నే చేసుకుంట. నువ్వు ఊ అను, రేపే మామను అడుగుత."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. అక్క మొహం ముడుచుకుంది.

"మనసుల మాట గిట్ల బజార్ల పెడ్తరా? జర నోరు మూసుకొని ఉండు బావా, అప్పుడు చూస్త" అంది.

రజాకార్లు పోయారు, యూనియన్ మిలట్రీ వచ్చింది, ఇక నిద్రపోవచ్చు అనుకున్నాం. అంతలోనే అడవుల్లో ఉన్న కమ్యూనిస్టు దళాల కోసం మిలట్రీ ఊళ్లు చుట్టుముట్టడం మొదలైంది. అక్క దళానికి జొన్న రొట్టెలు చేసి పంపేది, గడ్డిమోపులో పెట్టుకుని బావ మోసేవాడు. ఎవరు చెప్పారో, బావను క్యాంపుకు పట్టుకుపోయారు. రొట్టెలు ఏ ఇంటివని అడుగుతున్నారని తెలిసి మా ఇంట్లో అందరం ఇక పట్టుబడ్డట్టే అనుకున్నాం. వాడి నోట్లో నువ్వుగింజ నానదు కదా! అవ్వ అక్కను వడ్ల గుమ్మి వెనక దాచింది. బాపు వాకిట్లో కూర్చుని ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు.

బావ చెప్పలేదు.

వాళ్లు వదిలిపెట్టాక నడవలేక బండి మీద మా ఇంటికే వచ్చాడు. ఏం చేశార్రా అని అవ్వ ఏడుస్తూ అడిగితే తల దించుకున్నాడు. దారిలో ఏం చూశావు బావా అని నేనడిగినా పలకలేదు. అక్క నీళ్లిస్తే తాగి, దగ్గి, నేల చూస్తూ కూర్చున్నాడు. నాకు భయమేసింది.

మా వాడకట్టుకు మాత్రం పండగైంది. ఆ దగ్గు విన్నారో లేదో, అచ్చం మన కథలో పంతులే అన్నారు. ఎంత గంభీరం వచ్చిందో అని మురిసిపోయారు. దెబ్బలకు మాట పోగొట్టుకున్న మనిషిలో వీళ్లకు దాచుకున్న ప్రేమ కనిపించింది! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది నాకు. అక్క కూడా అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూడసాగింది. పెళ్లి మాట ఈసారి ఆమే ఎత్తింది. తనను కాపాడాడన్న అభిమానం ఎంతో, ఆ నవల పిచ్చి ఎంతో నేను చెప్పలేను. బావ తలూపాడు, పెళ్లయిపోయింది.

నవల్లో మౌనం పుస్తకం మూస్తే అయిపోతుంది. ఇంట్లో అది పొద్దున లేస్తే ఎదురుగా ఉంటుంది. ఉప్పు సరిపోయిందా అంటే తలూపుతాడు. ఎద్దు తప్పిపోతే ఒక్కడే వెతుక్కుంటూ పోతాడు, అది దొరికిందన్న సంగతి కూడా చెప్పడు.

మళ్లీ ఎండాకాలం పల్లికాయ ఒలిచే నాటికి అక్క పుట్టింటికి వచ్చింది. వాడకట్టంతా చేరి పుస్తకం ఆమె ఒళ్లో పెట్టారు. అక్క తెరవలేదు. నీకేం తక్కువ, నీ పంతులు నీకు దొరికాడు కదా అని ఒకామె ముచ్చటపడింది.

"నాకు దొరికినోడు వాకిట్ల నుంచే మాట్లాడుకుంట వచ్చేటోడు," అంది అక్క. "నేనే నోరు మూసుకొమ్మన్న."

అవ్వ చేతిలో పల్లికాయ అలాగే ఉండిపోయింది.

సాయంత్రం బావ అక్కను తీసుకుపోవడానికి వచ్చి తాటిముంజల మూట అరుగు మీద పెట్టాడు. అక్క అతని పక్కన కూర్చుంది. "ఇవి ఏ చెట్టువి బావా? ఎవరన్న తరిమిండ్రా? దారిల పాము గిట్ల కనబడ్డదా?" అని ఒకదాని మీద ఒకటి అడుగుతూనే ఉంది. బావ ఒక ముంజ ఒలిచి ఆమె చేతిలో పెట్టి, తల దించుకున్నాడు.

ఈసారి అరుగు మీద ఎవరూ మురిసిపోలేదు.