గేటు దాకా వరుస

నాచారం ఫ్యాక్టరీల వెనక సందులో ఉన్న సర్కారు ప్రాథమిక పాఠశాలకు హెడ్మాస్టరు నతానియేలు సారే ఏలిక. ప్రార్థన వేళ పిల్లల్ని రెండేసి చేతుల దూరంలో నిలబెడతారు. అప్పుడు వరుస గేటు దాకా సాగి, దారిన పోయేవారికి బడి నిండుగా కనిపిస్తుంది. ఆపైన సారు కళ్లు అరమోడ్పులవుతాయి. ఆ రెప్పల చాటున వరుస గేటు దాటి, చిమ్నీల పొగలోంచి, రామంతాపూర్ చెరువు మీదుగా తేలిపోతూ ఉంటుంది. జనగణమన ముగిసినా సారు తిరిగి రావడానికి కాస్త సమయం పడుతుంది. మెలకువలో మాత్రం లెక్క కఠినం. ఈ నెలలో ఇంకొక్క పిల్ల చేరకపోతే బడిని మెయిన్‌రోడ్డు సర్కారు బడిలో కలిపేస్తారు.

అలాంటి ఓ పొద్దున, మందుల కంపెనీలో పనిచేసే మరియమ్మ తన కూతురు జెస్సీని వెంటబెట్టుకొచ్చింది.

“సారూ, నిజం జెప్పున్రి. మీ బడి మంచిదా, గా మెయిన్‌రోడ్డుదా?”

అబద్ధానికి ఇంతకన్నా శుభముహూర్తం దొరకదు. సారు గొంతు సవరించుకున్నారు.

“సదువంటవా, మా పిల్లలందరు తప్పుల్లేకుండ సదువుతరమ్మా. గక్కడ సగం మందే. ఆటలకైతే గక్కడికే పోవాలె. మా దగ్గర కబడ్డీకి జట్టు నిండదు.”

మరియమ్మ చదువుకే తలూపింది. జెస్సీ మాత్రం మొహం ముడుచుకుని, తల్లి కొంగు పట్టి గేటువైపు లాగింది. పాఠశాల భవిష్యత్తు కాసేపు ఆ కొంగున వేలాడింది.

“నువ్వొస్తె జట్టుకు ఇంకొక్కలే తక్కువ బిడ్డా,” అన్నారు సారు, ప్యాంటు అంచులు పైకి మడుస్తూ. “గా ఒక్కలు నేనైత.”

జెస్సీ ఆయన పొట్టను, కళ్లద్దాలను చాలాసేపు పరీక్షించి కొంగు వదిలేసింది.

“ఔటైతే తొండి పెట్టొద్దు మరి, సారూ!”