తడిసి వచ్చిన ఐదు సంచులు

మదార్‌బీకి నవ్వొస్తే మిషను ఆగుతుంది. ముప్పయ్యేళ్లుగా అల్లూరులో జాకెట్లు కుడుతున్న చెయ్యి. గీత తప్పదు. నవ్వు ఆపుకుంటూ కుట్టినప్పుడు మాత్రం ఒకసారి జాకెట్టు చేతులు రెండూ ఒకే పక్కకి కుట్టేసింది.

నాలుగేళ్ల కిందట ఆమె, పట్టపుపాలెంలో వలలల్లే నాగులమ్మ కలిసి సంచులు మొదలుపెట్టారు. పైన వల, అడుగున బట్ట. ఒడ్డున తాబేళ్ల మెడకు చుట్టుకునే పాత వలలు ఏరి, గట్టి దారం విప్పి, నాగులమ్మ మనుషులు అల్లుతారు. అడుగూ పిడీ మదార్‌బీ మనుషులు కుడతారు. మొత్తం పన్నెండు మంది.

సర్కారు వాళ్లను మరిచిపోలేదు. మిషన్లు ఇచ్చింది, ఫొటో తీసింది. శిక్షణ ఇచ్చింది, ఫొటో తీసింది. అప్పు ఇస్తానంది. సంచి మాత్రం కొనలేదు. పంచాయతీ ఒక మంచిపని చేసింది. ఊరికే పడున్న తుఫాను భవనంలో పని చేసుకోమని తాళంచెవి వాళ్ల చేతిలో పెట్టింది. తుఫాను వస్తే ఖాళీ చెయ్యాలి, అంతే.

నెల్లూరులో రైతుబజార్లకు సామాను కొనే అధికారి గంగాధరం. మదార్‌బీ ఆయన మెట్లు మూడేళ్లు ఎక్కింది.

"టెండరు వెయ్యాలంటే అనుభవం చూపించాలమ్మా."

"మీరు కొననిదే అనుభవం ఎట్ట వస్తాది సార్?"

మూడో ఏడు ఆయన ఆ ప్రశ్నను కాగితం మీద రాసి పైకి పంపాడు. ఈ ఏడు జవాబు దిగింది. ఇలాంటి సంఘాలను అనుభవం అడగొద్దు, డిపాజిట్టు అడగొద్దు, సరుకు చూడండి. లోపముంటే దిద్దుకోవడానికి ఒక్కసారి అవకాశం ఇవ్వండి. మంగళవారం పదకొండు గంటలకు ఐదు నమూనాలు తెమ్మన్నాడు గంగాధరం. నెగ్గితే ఏడాదంతా పని. ఓడితే మిగతా పదిమందీ మళ్లీ రొయ్యల షెడ్డులో ఐసునీళ్లలో చేతులు పెట్టాల్సిందే.

వల ముడులు ఒకసారి చూడమని సోమవారం సాయంత్రం ఐదు సంచులూ నాగులమ్మకు ఇచ్చింది మదార్‌బీ. తెల్లారి బస్టాపుకు నాగులమ్మ వచ్చింది. సంచులు నీళ్లు కారుతున్నాయి. ప్రతిదానికీ పసుపు, కుంకుమ.

"ఏం జేసినావక్కా ఇది!"

"ఏం జేసినా? సముద్రంలో ముంచినా. కొత్త వలని ముంచకండా ఎవురన్నా ఏటకి పోతారా, మే?"

"ఇది వల కాదు, సంచి!"

"అల్లింది నేను. నేనల్లింది వలే."

బస్సు వచ్చింది. మదార్‌బీ కిటికీలోంచి రెండు సంచులు బయటకు పట్టుకుంది, నాగులమ్మ మూడు. కొడవలూరు చేల మీదుగా అవి రెపరెపలాడుతూ పోయాయి. కండక్టరు వచ్చాడు.

"ఏందక్కా, గాలిలో చేపలు పడతా ఉండారా?"

"పడితే నీకే ఇస్తాం, టిక్కెట్టు కొట్టబాక," అంది నాగులమ్మ.

మదార్‌బీకి నవ్వు మొదలైంది. బస్సంతా నవ్వింది. కోవూరు దగ్గర సంచులు లోపలికి లాక్కుని చూసుకుంటే, ఆరిన అడుగులు ముడుచుకుపోయి ఉన్నాయి. కొత్తగా, గంజితో పెళపెళలాడాలని ఆమె ఈసారి బట్టను తడపకుండా కుట్టింది. ముప్పయ్యేళ్ల దర్జీ చేసిన తప్పు. నాగులమ్మను తిట్టడానికి నోరు రాలేదు. ఇవాళ తడవకపోతే, రేపు వేల ఇళ్లలో ముడుచుకుపోయేవి.

ఆఫీసులో గంగాధరం ఒక సంచి ఎత్తి పట్టుకున్నాడు. "పసుపేందమ్మా? పెళ్లి చేసినారా వీటికి?"

"సముద్రంతో చేసినాం సార్," అంది నాగులమ్మ. "మిమ్మల్ని పిలవడం మరిచినాం."

ఆయన నవ్వలేదు. లాగి చూశాడు. "వల బాగుంది. అడుగు ముడుచుకుంది. దీన్ని ఒప్పుకోలేను."

"తప్పు నాదే సార్," అంది మదార్‌బీ. "తడపకండా కుట్టినా."

"ఇంకో అవకాశం ఉందిగా. వారం తీసుకోండి."

"వారమా? వారం ఆగితే బయంతో చస్తా. ఆఫీసు మూసేది ఎప్పుడు?"

"ఐదుకి."

"బక్కెట్టు యాడ ఉండాది సార్?"

ఎదురుగా బట్టల కొట్టు. మదార్‌బీ గజం బట్ట, దారం, కత్తెర తెచ్చింది. అటెండరు కృపాదానం బక్కెట్టు ఇచ్చాడు. తడిపిన బట్ట ఆఫీసు జీపు బానెట్టు మీద పరిచారు. అధికారి బయటికి పోవాలని డ్రైవరు వస్తే, "ఆరిందాకా కదిలించబాక నాయనా," అంది నాగులమ్మ. జీపు కదల్లేదు. గంగాధరం స్కూటరు మీద పోయి వచ్చాడు.

వరండాలో కూర్చుని మదార్‌బీ పాత అడుగులు విప్పింది. పైటకు గుచ్చుకున్న సూది తీసింది. రెండో సంచికి టైపిస్టు టీ తెచ్చింది. మూడో సంచికి గుమాస్తాలు పందెం వేసుకున్నారు. నాలుగో సంచికి వేలు పొడుచుకుంది. ఐదోది పూర్తయ్యేసరికి నాలుగూ నలభై.

పది కిలోలు మొయ్యాలని నియమం. ఆఫీసులో తూకపురాయి లేదు.

"ఫైళ్లు ఉండాయి సార్," అన్నాడు కృపాదానం.

సంచిని కిటికీ కమ్మీకి తగిలించారు. కృపాదానం ఒక్కో కట్టా వేశాడు. సంచి సాగింది, తెగలేదు. పది కిలోలు ఎప్పుడో దాటాయి. అయినా అతను ఆగడం లేదు. పదేళ్లుగా కదలని బీరువా ఒకటి ఖాళీ అయింది.

"చాలయ్యా!" అన్నాడు గంగాధరం. మొదటిసారి ఆయన గొంతులో నవ్వు కదిలింది. "దుమ్ము లేస్తా ఉండాది."

కూర్చుని ఆర్డరు రాశాడు. మొదటి విడత నెల్లూరు బజారుకు. సరుకు నిలబడితే జిల్లా అంతా. సంతకం. ముద్ర.

మదార్‌బీ కాగితం తీసుకుని గేటు దాటింది. గబగబా నడుస్తోంది.

"మే, బస్టాండు అటు కాదు!"

"తెలుసక్కా."

"మరి యాడికి?"

"ఏమో. కాళ్లు పోతా ఉండాయి."

నాగులమ్మ చెంగు దోపుకుని వెనకే పరుగెత్తింది.