మూత తీయనివ్వని దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, ఈ మాట చెప్పకుండా కూర్చుంటే నాకు ఊపిరాడదు! మొన్నటిదాకా నేనెలా ఉన్నానో మన ముప్పాళ్ళ సంఘమంతటికీ తెలుసు, ముద్ద మింగుడు పడక, కంటికి కునుకు రాక అల్లాడేదాన్ని, భయం నన్ను పట్టి పిండేసింది.

నేను నరసరావుపేటలో ఒక కాలేజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. గాజు పొడిని సిరాలా కలిపి, త్రీడీ ప్రింటర్‌తో పొర మీద పొర పోసి కడ్డీ చేస్తాం, అది నెమ్మదిగా ఆరాక కొలిమిలో కాలుస్తాం, ఆ కడ్డీని వెంట్రుకంత సన్నని ఫైబర్ తీగగా లాగిస్తే దాన్లోంచి కిడ్నీ రాళ్లను పొడి చేసే లేజర్ వస్తుంది. మన పల్నాడులో ఆ రాళ్ల నొప్పి తెలియని ఇల్లుందా! కానీ నా కడ్డీలన్నీ ఆరేటప్పుడే పగిలిపోయేవి. ఈసారీ పగిలితే ప్రాజెక్టు మూసేస్తామన్నారు. ఇక నాకు నిలకడ ఎక్కడిది? మగ్గుతున్న అన్నం మీద మూత తీసినట్టు, కడ్డీ ఆరుతున్న పెట్టె మూత మాటిమాటికీ తీసి చూసుకునేదాన్ని.

మా అమ్మ నా వాలకం చూసి, ల్యాబ్ తాళంచెవి లాక్కుని, ఉపవాస కూడికలకు ఈడ్చుకొచ్చింది, అవి ముగిసేదాకా కదలనివ్వలేదు. అందరి మధ్య మోకరించి గట్టిగా ప్రార్థించింది: "ప్రభువా, ఈ పిల్ల చెయ్యి ఆ పెట్టె మీద నుంచి తీసెయ్ నాయనా, నీ చెయ్యి పెట్టు! చానా బెదిరిపోయిందయ్యా!" ఆ మాటకు నా గుండె కరిగిపోయింది, వెక్కి వెక్కి ఏడ్చాను, ఏడ్చి ఏడ్చి అక్కడే చాప మీద నిద్రపోయాను, ఎన్నాళ్లకో!

తిరిగి వెళ్లి మూత తీస్తే పగులు లేదు! కొలిమిలో కాల్చాం, పగులు లేదు! తీగ లాగించి తెచ్చి వెలుగు పంపాం, కంటికి కనబడని ఆ లేజర్, దాన్ని పట్టి చూపించే కార్డు మీద చుక్కగా తేలింది, నేను ల్యాబ్‌లోనే హల్లెలూయా అని అరిచాను! మా సార్ నవ్వి, "ఏందమ్మా, మూత తీయలేదు కాబట్టి గాలి తగిలి గబుక్కున ఆరలేదు, పగల్లేదు, అంతేగా?" అన్నారు. అంతే సార్! మరి నన్ను తీయనివ్వనిదెవరు?

దేవునికే మహిమ! భయంతో నలిగిపోతున్న అక్కలారా, తమ్ముళ్లారా, మీ పని ఆయన చేతిలో పెట్టండి. ఇంటికి వెళ్లి కడుపునిండా తిని హాయిగా పడుకోండి. మెలకువగా ఉండే పని ఆయన చూసుకుంటాడు!