కంప్యూటర్‌కి చిలకల కవరు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒంటిమీద గుడ్డ లేని వస్తువు ఉండేది కాదు. టీవీకి కవరు, ఫ్రిజ్‌కి కవరు, మిక్సీకి కవరు, చివరికి గ్యాస్ సిలిండర్‌కి కూడా కుచ్చుల గౌను. జగ్గయ్యపేటలో మా కిరాణా కొట్టు ముందు, ఇల్లు వెనక. ఎండుమిరప బస్తాలు దించినప్పుడల్లా ఎర్రటి దుమ్ము ఇంట్లోకి వచ్చేది కాబట్టి అమ్మ కుట్టుమిషనుకి అడ్డు చెప్పేవాళ్లు లేరు. అలాంటి ఇంటికి, నేను ఇంటర్ చదివే ఏడు, కంప్యూటర్ వచ్చింది. (చదువుకోసమే. కాకపోతే చదువుకి ముందు కాస్త కార్ల రేసు.) అది వచ్చిన వారానికే అమ్మ దాని సీపీయూ డబ్బాకి నీలం దళసరి గుడ్డతో, రెండు చిలకలు ఎంబ్రాయిడరీ చేసి మరీ కవరు కుట్టింది. స్విచ్‌కి, సీడీకి ముందు రెండు కిటికీలు, వైర్లకి వెనక కింద చిన్న చీలిక. మిగతాదంతా బిగుతు. "జాకెట్టు కుదిరినట్టు కుదిరిందే!" అని తనే మురిసిపోయింది.

ఎండలు ముదిరాక కంప్యూటర్ నీరసించింది. ఆన్ చేసిన కాసేపు బాగానే ఉండేది, తర్వాత నా కారుకి కాళ్లు పడిపోయేవి. మలుపు దగ్గర మీట నొక్కి, వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చినా అది ఇంకా తిరుగుతూనే ఉండేది. నాన్న తీర్పు చెప్పేశారు: "ఆ కార్లాటే దాన్ని తినేసింది. బాగవ్వకపోతే మీ మావయ్య సెంటర్లో పెట్టేస్తా, నలుగురికన్నా పనికొస్తది." నాకు అన్నం సహించడం మానేసింది.

మావయ్య అంటే అమ్మ తమ్ముడు, నందిగామలో పిల్లలకి కంప్యూటర్ నేర్పేవాడు. డబ్బాని ఒళ్లో పెట్టుకుని బస్సులో తీసుకెళ్తే అక్కడ నా కారు రివ్వున దూసుకుపోయింది. "దీనికేం రోగమే? నీకంటే హుషారుగా ఉంది" అన్నాడు. ఇంటికి తెచ్చాక మళ్లీ అదే నీరసం. ఇంకోసారి తీసుకెళ్లాం, ఇంకోసారి అదే కథ. మన ఊరి కరెంటులో బలం లేదన్నారు నాన్న. నాయనమ్మ మాత్రం దిష్టేనని తేల్చి మానిటర్‌కి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడదీసింది. (నేను దణ్ణం కూడా పెట్టుకున్నాను.)

చివరికి ఒక ఆదివారం మావయ్యే వచ్చాడు. బాగైతే సరి, లేదంటే వెళ్లేటప్పుడు పట్టుకుపొమ్మన్నారు నాన్న. ఆట మొదలుపెట్టాను. కాసేపటికి కారు కూలబడింది. నాకు ఏడుపొచ్చేసింది. మావయ్య ఏదో ఆలోచిస్తూ చిలకల మీద చెయ్యి ఆనించి, చురుక్కుమనేసరికి వెనక్కి లాక్కున్నాడు.

"అక్కా, ఈ ఎండల్లో దీనికి స్వెట్టరేశావేంటి?"

"స్వెట్టరేంట్రా, కవరు! దుమ్ము పడకుండా."

"మరి నందిగామ వచ్చినప్పుడు లేదే?"

"బస్సులో మాసిపోదూ? తీసి, ఉతికి, ఇస్త్రీ చేసి ఉంచా. ఇంటికి రాగానే మళ్లీ తొడిగా."

మావయ్య కుర్చీలో కూలబడి నవ్వాడు. వెనక ఫ్యాన్ ఉంటుందని, లోపలి వేడి బయటికి పోయే దారి మూసేస్తే మాడిపోకుండా కంప్యూటరే పని తగ్గించుకుంటుందని చెప్పి, కవరు ఊడదీసి, కాస్త చల్లారాక ఆన్ చేశాడు. నా కారు మలుపులన్నీ దాటి దూసుకుపోయింది. గుండెల మీంచి మిరపబస్తా దించినట్టయింది నాకు. "ఏదీ, నిజంగా బాగైందో లేదో చూడనీ" అని నాన్న నన్ను లేపి కూర్చుని, భోజనాలకి పిలిచేదాకా కారుని గోడలకేసి గుద్దుతూనే ఉన్నారు. లేస్తూ, "ఇక్కడే ఉండనీలే" అన్నారు.

అమ్మ మాత్రం కవరు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. "నేనేనా దానికి ఊపిరాడకుండా చేసింది?" ఆటకి శిక్ష తప్పిన సంతోషంలో నేను వెళ్లి గట్టిగా కావలించుకున్నాను. ఆ రోజు నుంచి అమ్మ కంప్యూటర్ కట్టేశాక, డబ్బా మీద చెయ్యి పెట్టి చూసి, చల్లబడ్డాకే కవరు తొడిగేది, పసిపిల్లకి జ్వరం చూసినట్టు.

ఇప్పుడు నా ఫోన్ కాస్త నెమ్మదిస్తే చాలు, ముందు దాని కవరు ఊడదీస్తాను. మావాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుకుంటూనే, ఎందుకైనా మంచిదని, దాని వీపు మీద ఓసారి చెయ్యి పెట్టి చూస్తాను.