ఇవాళ మీరు వ్యతిరేకం సార్

గ్రౌండ్ లేని కాలేజీలో ఆటలు నేర్పి రిటైరైనవాణ్ణి నేను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ మాట అంటే ఎవరూ నవ్వరు, అక్కడి కాలేజీలన్నీ అలాంటివే. మాది బట్టల షాపు పై అంతస్తుల్లో ఉండేది. పిల్లలు పరుగెత్తడానికి చోటంటూ ఉంటే అది మెట్ల మీదే, వాళ్ళక్కడ పరుగెత్తకుండా చూడటమే నా ఉద్యోగం. కుర్రతనంలో గుంటూరు జిల్లా జట్టుకు ఆఫ్ స్పిన్ వేసిన చేత్తో లిఫ్టు దగ్గర లైన్లు సరిచేశాను. కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు కదా, చేశాను.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు మిగల్లేదు.

రిటైరయ్యే ముందు నా పాత విద్యార్థి ఒకడు ఏదో తెలుగు చానల్లో చేరాడు. అక్కడ సాయంత్రం ఏడింటికి ఆటల మీద చర్చా కార్యక్రమం పెడుతున్నారనీ, మాట్లాడే మనుషులు కావాలనీ నా పేరు చెప్పాడు. అలా మొదలైంది నా టీవీ భోగం. మొదటి రోజు మా గల్లీలోకి కారు పంపించారు. దాన్ని చూడటానికి అటు నలుగురు, ఇటు నలుగురు బయటికొచ్చారు. స్టూడియోలో మొహానికి పౌడరు అద్దారు. గెస్టులను చూసుకునే అమ్మాయి వచ్చి, "ఇవాళ మీరు వ్యతిరేకం సార్" అంది.

దేనికి వ్యతిరేకమమ్మా అని అడిగాను. కెప్టెన్ను మార్చాలన్న వాదానికట. నిజానికి ఆ కెప్టెన్ను ఎప్పుడో ఇంటికి పంపాల్సింది, నేను అనుకూలమే అన్నాను. అనుకూలం వైపు ఇప్పటికే ఇద్దరున్నారని, కుర్చీ ఖాళీ ఉన్నది వ్యతిరేకం వైపేనని చెప్పి వెళ్ళిపోయింది. నోరు మూసుకుని వ్యతిరేకం వైపు కూర్చుని, నోరు తెరిచాక మాత్రం వీరావేశంతో మాట్లాడాను. మొదటి మాట పూర్తికాకముందే పక్కాయన అడ్డం తగిలాడు, నేను ఆయనకు అడ్డం తగిలాను, యాంకర్ మా ఇద్దరికీ అడ్డం తగిలాడు. అయ్యాక అందరం ఒకే కారులో వెనక్కి వచ్చాం. టీవీలో నా మీద విరుచుకుపడినాయన చైతన్యపురి దగ్గర కారాపించి నాకు మిరపకాయ బజ్జీలు తినిపించాడు.

ఏం రోజులవి! రైతు బజారులో కూరగాయలావిడ టీవీ సారని పిలిచి కరివేపాకు కొసరేసేది. ఎల్‌బీ నగర్ సెంటర్లో బస్సు కోసం నిలబడితే ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి, నిన్న మీరు అలా ఎందుకన్నారని నిలదీసేవాళ్ళు. అలా నిలదీస్తుంటే ఎంత బాగుండేదో! ఇంటికొచ్చి ఒక్కణ్ణే పప్పు, అన్నం వండుకుంటూ, వాళ్ళకు చెప్పాల్సిన జవాబులు గిన్నెలకు చెప్పుకునేవాణ్ణి.

తర్వాత్తర్వాత కారు రావడం మానేసింది. ఇంటి నుంచే ఫోన్లో మాట్లాడమన్నారు. తెర మీద నా డబ్బా చిన్నదై, నా పేరు కింద నడిచే వార్తలు పెద్దవయ్యాయి. మా వీధి చివర హోటల్లో మా చర్చ నడిచే వేళకు సినిమా పాటలు పెట్టడం మొదలుపెట్టారు. ఓనర్ను అడిగితే, అరుపులకు గిరాకీ లేచిపోతోంది సార్ అన్నాడు. తప్పు పట్టడానికేముంది? మ్యాచ్ అయిన అరగంటకల్లా ఫోన్లలో లోకమంతా తీర్పులు చెప్పేసి నిద్రపోతుంది. మర్నాడు ఏడింటికి మేం కూర్చుని అదే చద్దన్నం కొత్త విస్తట్లో వడ్డిస్తే ఎవరు తింటారు? మెట్రోలో కుర్రాళ్ళు బొటనవేలితో ఆటను పైకి తోసేస్తుంటే చూశాను. ఒక్కడి ఫోన్లోనైనా మా కార్యక్రమం కనబడుతుందేమోనని మెడ సాచేవాణ్ణి, సిగ్గులేక.

సిగ్గులేక అనే చెబుతున్నాను. నాకు ఆ చర్చ కావాలి. ఆట కోసం కాదు, డబ్బు కోసం అసలే కాదు. రోజు మొత్తమ్మీద నా మాట మరో మనిషి చెవిలో పడేది ఆ కాసేపే. చూసేవాళ్ళు తగ్గారని తెలుసు, కానీ ఒక్కరైనా ఉన్నారని నాకు నమ్మకం. ఎవరో కాదు, మా ఇంటి ఓనరు.

ఆయనది బాటసింగారం అవతల పల్లె. కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్ళూ అందులో కమీషన్ వ్యాపారం చేశాడు. మార్కెట్ను హైవే మీద బాటసింగారానికి తరలించాక, ఊరి పక్కకే మార్కెట్ వచ్చినా ఈయన మాత్రం మళ్ళీ అటు పోలేదు. ఒంట్లో ఓపిక లేదనేవాడు. భార్య పొద్దంతా వనస్థలిపురంలో కూతురింట్లో చంటిబిడ్డ దగ్గరుండి రాత్రి బాగా పొద్దుపోయాక వస్తుంది. ఆయన కింద, నేను పైన. నా కార్యక్రమం అయ్యాక మంచినీళ్ళ సీసా పట్టుకుని నేను దిగితే, ఆయన మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. మస్తు మాట్లాడిన్రు సార్ అనేవాడు. ఆ ఒక్క మాట నాకు రాత్రి భోజనంతో సమానం.

ఒక సాయంత్రం ఎప్పటిలాగే బియ్యం డబ్బా మీద ఫోను నిలబెట్టాను. పైన బ్లేజరు, కింద లుంగీ. ఫ్యాను చప్పుడు మైకులోకి పోతుందని ఆపి, ఉక్కకు తట్టుకోలేక రోజూలాగే తలుపు బార్లా తీశాను. ఆ రోజు విషయం, స్పిన్నర్లకు మన పిచ్‌ల మీద విలువ తగ్గిందా అని. వ్యతిరేకం, అనుకూలం గొడవ లేకుండా నా గుండెల్లో ఉన్నదే అడిగారు. మొదలుపెట్టాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు, ఎవరూ అడ్డం రాలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి నన్ను మాట్లాడనిస్తున్నారే, వినాలనుకుంటున్నారే అని పొంగిపోయాను. బంతిని గాలిలో తేలించడం దగ్గర్నుంచి, నాకు నేర్పిన మాస్టారు పాత గోనెసంచి పరిచి దాని మీదే బంతి వెయ్యమనడం దాకా, అన్నీ చెప్పాను. అయినా ఎవరూ అడ్డం రాలేదు.

చెప్పడం ముగించి, నమస్కారం పెట్టి, కిందికి దిగాను. ఓనరు మెట్ల మీదే ఉన్నాడు. "ఇయ్యాలైతే శాన మంచిగ చెప్పిన్రు సార్" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పైకొచ్చి ఫోను చూస్తే చానల్ నుంచి మెసేజి. ఏదో రాజీనామా వార్త వచ్చిందని మా కార్యక్రమాన్ని మొదట్లోనే ఆపేశారట, లైను కట్ చేయడం మరిచారట, క్షమించమన్నారు. అంటే నా మాటలు ప్రసారం కాలేదు. గౌరవమనుకున్నది ఖాళీ లైను.

దానికి బాధపడలేదంటే అబద్ధం. కానీ అంతకంటే మంట ఓనరు మీద. ప్రసారమే కాని కార్యక్రమాన్ని మంచిగ చెప్పిన్రని ఎలా అన్నాడు? అంటే ఇన్నాళ్ళూ చూడకుండానే పొగిడాడా? చంటిపిల్లాడికి బుజ్జగింపులా రోజూ ఒక మాట పడేశాడా? తెల్లారాక ఉండబట్టలేక కిందికి వెళ్ళి, నిన్న నన్ను ఏ చానల్లో చూశారో చెప్పండని అడిగేశాను. నా గొంతు నాకే కటువుగా వినబడింది.

ఆయన లోపలికి రమ్మని టీవీ చూపించాడు. దాని మీద దుప్పటి కప్పి ఉంది.

"కనెక్షన్ ఎప్పుడో బంద్ చేసిన సార్. టీవీల అందరు ఒక్కసారే ఒర్రుతరు, నాకేం సమజ్ కాదు. మీరు పైన తలుపు తెరుస్తరు గదా, గీ మెట్ల మీద కూసుంటే మీ ఒక్కరి మాటే ఇనొస్తది. మార్కెట్ ఉన్నప్పుడు పొద్దంత లొల్లి. గిప్పుడు ఇంట్ల చీమ చిటుక్కుమనదు. ఎట్లుంటం సార్?"

నలుగురు కూర్చుని అరిచే చర్చలో మిగతా ముగ్గుర్నీ తీసేసి, నా ఒక్కడి మాటా విన్నాడీయన. ఎదుటివాడు ఏమన్నాడో తెలియకుండానే నా జవాబులన్నీ విన్నాడు. కోపమంతా ఎక్కడికి పోయిందో, ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం ఇబ్బందిపడి వెంటనే వదిలేశాం.

కార్యక్రమం ఆ నెల్లోనే మూతపడింది. చెప్పి మూయలేదు, ఫోన్ రావడం ఆగిపోయింది, అంతే. ఆ వేళకు జాతకాలు చెప్పే ఆయన వస్తున్నాడిప్పుడు. బజ్జీలు తినిపించిన చైతన్యపురి ఆయనకు ఫోన్ చేస్తే, పోనీలెండి మాస్టారూ, గొంతుకు విశ్రాంతి అని నవ్వాడు. ఆయన ఇంటినిండా మనుషులు.

ఏడవుతుంది. బ్లేజరు వేసుకునే పని లేదు. ఫ్యాను ఆపాల్సిన అవసరం లేదు, తలుపు తీయాల్సిన అవసరమూ లేదు. మంచం మీద కూర్చుని ఫ్యానును చూస్తూ ఉంటాను. పిచ్చివాడిలా గోడతో మాట్లాడలేను కదా. ఆయనకు వినాలనుందని తెలుసు, నాకు చెప్పాలనుంది, కానీ మధ్యలో ఒక ప్రశ్న అడిగే యాంకరు లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని బతుకైపోయింది నాది.

అలా కొన్నాళ్ళు గడిచాక, ఒక సాయంత్రం మెట్ల మీద అడుగుల చప్పుడైంది. నా వాటా దాకా వచ్చి ఆగింది. తలుపు తీశాను. ఓనరు మోకాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఎప్పుడూ పైదాకా ఎక్కని మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు. మోటారు గురించి అడిగాడు, నీళ్ళు సన్నగా వస్తున్నాయా అన్నాడు. బాగానే వస్తున్నాయన్నాను.

"నిన్న మ్యాచ్‌ల ఏమైంది సార్?" అన్నాడు చివరికి.

నేను చూడలేదు. ఏడేళ్ళ వయసు నుంచి ఆటను వదలనివాణ్ణి, అడిగేవాళ్ళు లేరని దాన్నే వదిలేశాను. ఆ సంగతి అప్పటిదాకా నాకే తెలియదు. చూడలేదండీ అని చెప్పేసరికి ఆయన మొహం వాడిపోయింది. పాపం, ఒక్క క్షణమే. మళ్ళీ తనే సర్దుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగడానికి తిరిగాడు.

"గట్లనా. అయితే రేపు జర చూసి చెప్పుండ్రి సార్."

సిరీస్ నిన్నటితో అయిపోయిందని హోటల్లో అనుకుంటుంటే విన్నాను. రేపు మ్యాచ్ లేదు. చూసి చెబుతానన్నాను.